ఇంటికి కుక్కపిల్ల వస్తోంది, ముందుగా ఏమేం సర్దుకోవాలి?

గుంటూరు సుధ | శనివారం, ఉదయం 7:10

నమస్కారమండీ. మా తమ్ముడి స్నేహితుడిది తెనాలి. వాళ్ల లాబ్రడార్ ఏడు పిల్లల్ని పెట్టింది. అందులో ఒక ఆడపిల్లను మాకిస్తామన్నారు. ఇప్పుడు దానికి ముప్పై ఐదు రోజులు. వచ్చే ఆదివారం వెళ్లి తెచ్చుకోవాలని అనుకున్నాం. మా పిల్లలు అప్పుడే నోటు పుస్తకాల అట్టల మీద దానికి పేర్లు రాసేస్తున్నారు.

మాది పాత డాబా ఇల్లు. ముందు వరండా, వెనక చిన్న పెరడు, పెరట్లో నేల సంపు. మేమిద్దరం, పదకొండేళ్ల బాబు, ఆరేళ్ల పాప, అత్తయ్యగారు, మామయ్యగారు. మామయ్యగారు చేతికర్ర లేనిదే నడవలేరు. అత్తయ్యగారికి పూజ, మడి ఉన్నాయి. కుక్క మాట ఎత్తగానే ఆవిడ "సరే" అనలేదు, "వద్దు" అని కూడా అనలేదు. లేచి వెళ్లి కూర తిరగమోత పెట్టుకున్నారు. దాని అర్థం ఇంట్లో అందరికీ తెలుసు.

నేనెప్పుడూ కుక్కను పెంచలేదు. మెడపట్టీ, గిన్నె, పరుపు కొన్నాను. ఇంకా ఏం కొనాలి?

ఆరో అంతస్తు | శనివారం, ఉదయం 7:52

పరుపు వెనక్కి తీసుకుంటారేమో అడగండి. మా వాడు రెండు రాత్రుల్లో దాని దూది మొత్తం హాల్లో ఆరబోశాడు. ఆర్నెల్ల దాకా దానికి మడతపెట్టిన గోనెసంచి, మీద పాత దుప్పటి చాలు.

కొనే వాటికంటే ఎత్తిపెట్టే వాటి జాబితా పెద్దది. మీ ఆరేళ్ల పాపను నేల మీద బోర్లా పడుకోబెట్టి "నీకేం కనిపిస్తున్నాయో చెప్పు" అనండి. మేం అలాగే చేశాం. సోఫా కింద రెండు మాత్రలు, ఒక గుండుపిన్ను, నాలుగు రబ్బరు బ్యాండ్లు, టీవీ వెనక వేలాడే తీగల గుత్తి బయటపడ్డాయి. అన్నింటికంటే నన్ను భయపెట్టింది ఇన్వర్టర్. దాని తీగలు నేల మీదే పాకుతున్నాయి, బ్యాటరీ చుట్టూ ఆమ్లపు చెమ్మ. మర్నాడే ఎత్తు బల్ల మీదికి మార్పించాను. చెప్పుల స్టాండు కూడా గడప బయట, ఎత్తులో ఉండాలి. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరి చెప్పులూ జతగా లేవు.

పల్లె డాక్టరు | శనివారం, ఉదయం 8:30

అమ్మా సుధా, పశుసంవర్ధక శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. సామాన్ల సంగతి తర్వాత, ముందు తేదీ మార్చండి. ముప్పై ఐదు రోజుల పిల్లను తల్లి దగ్గర నుంచి తీసుకురాకూడదు. ఎనిమిది వారాలు, అంటే యాభై ఆరు రోజులు నిండాలి. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల్లో కూడా ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదనే ఉంది. మీకు ఊరికే ఇస్తున్నారు కాబట్టి ఆ నిబంధన మీకు వర్తించదని ఎవరైనా అనవచ్చు. పిల్లకు మాత్రం తేడా తెలియదు. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడు కుయ్యిమంటాడో అది నేర్చుకునేది ఈ మూడు వారాల్లోనే, తోబుట్టువుల దగ్గరే. ముందే తెస్తే ఆ పాఠం మీ పాప చేతుల మీద నేర్చుకుంటుంది.

తెనాలి వాళ్లను మూడు సంగతులు అడగండి. తల్లికి రేబిస్ టీకా వేయించారా? పిల్లలకు నట్టల మందు ఎన్నిసార్లు పట్టించారు? మొదటి టీకా ఎప్పుడు? నట్టల మందు రెండో వారం నుంచి ప్రతి రెండు వారాలకొకసారి పడాలి.

గుంటూరు సుధ | శనివారం, ఉదయం 9:15

డాక్టరుగారూ, ధన్యవాదాలు. తేదీ మార్చాం. మా పాప ఏడ్చింది, బాబు క్యాలెండర్‌లో ఇరవై ఒక్క గళ్లు గీసుకున్నాడు. తల్లికి టీకా ఉందట, కార్డు ఫోటో పంపారు. నట్టల మందు ఒకసారే పట్టించారట. మళ్లీ పట్టించమని చెప్పాను.

కోనసీమ శ్రీను | శనివారం, ఉదయం 10:05

ఒక కుక్కపిల్ల కోసం ఇంత హడావుడి చూస్తుంటే నవ్వొస్తోందండీ. మా కొబ్బరి తోటలో ఎప్పుడూ రెండు మూడు ఉంటాయి. పాలన్నం పెడతాం, పశువుల పాకలో పడుకుంటాయి. వాటికి పరుపూ లేదు, పట్టీ లేదు. ఒకటి పద్నాలుగేళ్లు బతికింది.

ఆరో అంతస్తు | శనివారం, ఉదయం 10:11

శ్రీనుగారూ, బతికిన దాని సంగతి చెప్పారు. బతకని వాటిని కూడా లెక్కపెట్టారా?

కోనసీమ శ్రీను | శనివారం, ఉదయం 10:40

లెక్కపెట్టలేదు. అది నిజమే. వానాకాలంలో కొన్ని రక్తవిరేచనాలై పోయేవి. "దిష్టి" అనేవాళ్లు.

రెండు తోకల ఇల్లు | శనివారం, ఉదయం 11:20

శ్రీనుగారు చెప్పిన ఆ "దిష్టి" మా ఇంటికీ వచ్చింది. దాని పేరు పార్వో. మూడేళ్ల కిందట తెచ్చిన పిల్లకు ఒక్క టీకానే పడింది. బాగానే ఉంది కదా అని సాయంత్రం వీధి చివర పార్కులో నేల మీద వదిలాం. ఐదో రోజు తిండి మానేసింది, వాంతులు, ఆ తర్వాత నెత్తురు. మూడు రోజులు సెలైన్ పెట్టించినా దక్కలేదు.

ఆ తర్వాత ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగి, నెల తిరక్కుండా ఇంకో పిల్లను తెద్దామనుకున్నాం. డాక్టరు వద్దన్నారు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి ఉంటుందట. మామూలు ఫినాయిల్‌కు చావదట. సుధగారూ, మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ ఈ ఏడాదిలో కుక్కపిల్ల ఏదైనా జబ్బు చేసి పోయిందేమో కనుక్కోండి. ఈ ప్రశ్న ఎవరూ అడగరు.

పల్లె డాక్టరు | శనివారం, మధ్యాహ్నం 12:05

పై మాట ప్రతి అక్షరం నిజం. పార్వోను చంపేది బ్లీచ్. బజారులో దొరికే ద్రావణం ఒక పాలు, నీళ్లు ముప్పై పాళ్లు. ముందు సబ్బుతో మురికి కడిగేయాలి, తర్వాత ఈ నీళ్లు పోసి పది నిమిషాలు తడిగా ఉంచాలి, ఆపైన మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. మురికి మీదే పోస్తే పనిచేయదు. మట్టి నేల మీద కూడా పెద్దగా ప్రయోజనం ఉండదు. కాబట్టి పెరడు గురించి ఆరా తీయండి.

టీకాలు ఒకటి కాకుండా మూడు నాలుగు ఎందుకని ప్రతివాళ్లూ అడుగుతారు. తల్లిపాలతో వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పట్టనివ్వదు. ఆ రక్షణ ఏ వారంలో తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కోలా ఉంటుంది. అందుకని ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాల దాకా వేస్తాం. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక. ఏటా జూలై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించి జరిపే ప్రపంచ జూనోసిస్ దినం రోజున, ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఇది ఉచితంగా వేస్తుంటారు. మీరు దాని కోసం ఆగనక్కరలేదు.

అన్ని టీకాలూ అయ్యేదాకా వీధి నేల మీద కాలు పెట్టనివ్వకండి. అలాగని ఇంట్లో దాచేయకండి. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా చూసినదే లోకం అనుకుంటుంది కుక్క. చంకనెత్తుకుని వీధి చూపించండి. ఆటో చప్పుడు, కూరగాయల బండి కేక, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, అన్నీ చూడాలి.

మల్లెతోట | శనివారం, మధ్యాహ్నం 3:30

పెరట్లో ఏ మొక్కలున్నాయో ఎవరూ అడగలేదేం? గన్నేరు ఉందా సుధగారూ? ఎర్రదైనా పచ్చదైనా ఆకు, పువ్వు, కాయ అంతా విషమే. గుండె మీద దెబ్బ కొడుతుంది. కుండీల్లో సైకస్ పెంచుకునేవాళ్లుంటారు, దాని గింజ కాలేయాన్ని పాడుచేస్తుంది. అడీనియం కూడా దూరంగా పెట్టాల్సిందే. మనీప్లాంట్ నమిలితే ప్రాణానికి ముప్పు ఉండదు గానీ నోరు వాచి చొంగ కారుస్తుంది. తులసి, మందారం, మల్లె ఉంటే బెంగ లేదు, బెంగంతా మొక్కకే.

ఇది వానాకాలం కూడా. రాత్రిళ్లు పెరట్లోకి గోదురు కప్పలు వస్తాయి. పిల్ల దాన్ని నోట కరిస్తే నురగలు కక్కుతుంది. తడిబట్టతో చిగుళ్లు తుడవాలి. పైపుతో నీళ్లు పోస్తే విషం గొంతులోకి దిగుతుంది.

గుంటూరు సుధ | శనివారం, రాత్రి 9:40

పచ్చగన్నేరు ఉందండీ, గోడ వారగా. అత్తయ్యగారు రోజూ పూజకు కోసేది దాన్నుంచే. ఇప్పుడు ఆ చెట్టు కొట్టించమని చెప్పడం నా వల్ల కాదు. ముందే ఆవిడకు కుక్క ఇష్టం లేదు.

డాలస్ బామ్మ | ఆదివారం, ఉదయం 6:15

కొట్టించనక్కరలేదమ్మా. మొదలు చుట్టూ నడుమెత్తు ఇనుప వల కట్టించి, రాలిన ఆకులూ కాయలూ పొద్దున్నే ఊడిస్తే చాలు.

మా అబ్బాయి ఇక్కడ కుక్కపిల్లను తెచ్చినప్పుడు నేను చూసింది చెబుతాను. వచ్చిన రోజే దాన్ని తీగల పంజరంలో పెట్టారు. నాకు కడుపు తరుక్కుపోయింది, జైలు పెడతారా అని కోడలితో పోట్లాడాను. వారం తిరిగేసరికి అది తనంతట తానే అందులో దూరి నిద్రపోయేది. తలుపు తీసే ఉండేది. మనుషులు తిరిగే ఇంట్లో దానికంటూ ఒక మూల కావాలి, అంతే. పంజరమే కొనాలని లేదు. మీ వరండాలో పాత టేబుల్ ఉంటే మూడు వైపులా దుప్పటి కట్టండి. మీ పాపకు ఒక్క నియమం చెప్పండి: కుక్క అందులో ఉన్నప్పుడు చేయి పెట్టకూడదు.

ఇంకో చిట్కా. మీకు మూడు వారాలు వ్యవధి దొరికింది కదా, ఒక పాత నూలు చీర తెనాలి పంపి తల్లి కింద పరిపించండి. పిల్లతోపాటు దాన్నీ తెచ్చుకోండి. మొదటి మూడు రాత్రులు పక్కలో ఆ వాసన ఉంటే ఏడుపు తగ్గుతుంది. ఉతకకండి!

కోనసీమ శ్రీను | ఆదివారం, ఉదయం 8:00

పాలన్నం గురించి ఎవరూ జవాబివ్వలేదు.

పల్లె డాక్టరు | ఆదివారం, ఉదయం 8:45

ఇస్తున్నాను. తల్లిపాలు మానిన పిల్లకు ఆవు పాలు, గేదె పాలు చాలాసార్లు పడవు, విరేచనాలవుతాయి. అన్నంలో దాని ఎముకలకు కావలసింది లేదు. మీ తోట కుక్కలు పాలన్నంతోపాటు ఎలుకలు, చేపల తలలు, కోడి పేగులు కూడా తిని ఉంటాయి. ఆ సంగతి మీరు చూసి ఉండరు. సుధగారూ, తెనాలిలో ఇప్పుడు ఏం పెడుతున్నారో అదే మొదటి వారం పెట్టండి, మార్చదలిస్తే వారం రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చండి. మూడు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడు, ఆపైన రెండు. దుకాణాల్లో కాల్షియం సీసా అంటగడతారు. లాబ్రడార్ వంటి పెద్ద జాతి పిల్లకు డాక్టరు చెప్పకుండా అది పోస్తే ఎముకలు వంకరపోతాయి.

వంటింటి విషాలు చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్. ద్రాక్షలో చెడు చేసేది టార్టారిక్ ఆమ్లమై ఉంటుందని 2021లో అమెరికా పశువైద్యులు ప్రతిపాదించారు. ఆ ఆమ్లం దండిగా ఉన్నది మన చింతపండులో. చింతపండు తిన్న కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతిన్న ఉదాహరణలు కూడా ఆ తర్వాత రాశారు.

ఆరో అంతస్తు | ఆదివారం, ఉదయం 8:58

పులిహోర కూడానా! మా వాడికి పండగపూట ముద్ద పెట్టకపోతే ఊరుకోడు.

కోనసీమ శ్రీను | ఆదివారం, ఉదయం 9:02

మావి చారన్నం తినే పెరిగాయి.

పల్లె డాక్టరు | ఆదివారం, ఉదయం 9:30

చారు చుక్క పడగానే ఏమీ కాదు. నేను భయపడేది నానబెట్టిన చింతపండు గిన్నె, పిసికి పారేసిన పిప్పి, పులిహోర గుజ్జు సీసా. లాబ్రడార్‌కు "చాలు" అన్న మాట తెలియదు. ఏ పరిమాణం దాటితే ప్రమాదమో గట్టిగా చెప్పలేం కాబట్టి పెట్టకపోవడమే మేలు. వినాయక చవితికి ప్రసాదాల్లో కిస్‌మిస్ వేస్తారు, అవీ అంతే.

బీరువాలో కలరా ఉండలు, ఎలుకల మందు, బొద్దింకల సుద్ద, మామయ్యగారి మాత్రలు ఎక్కడున్నాయో చూడండి. ఒంట్లో వేడిగా ఉందని పారాసెటమాల్, నొప్పి మాత్ర మాత్రం ఎప్పుడూ వేయకండి. పసిపిల్లల మోతాదైనా సరే, డాక్టరు చెప్పకుండా వద్దు.

ఆరో అంతస్తు | ఆదివారం, ఉదయం 10:20

నున్నటి టైల్స్ గురించి ఒక మాట. పిల్ల కాళ్లు జారి నాలుగు దిక్కులకూ పోతాయి, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, ఎదిగే తుంటికి మంచిది కాదు. పరుగెత్తే దారిలో కొబ్బరిపీచు పట్టాలు, గోనెసంచులు పరచండి. గేటు కింద సందు ఎంతుందో కొలవండి. రెండు నెలల పిల్ల పట్టే సందు మీరు అనుకున్నదానికంటే చిన్నది. సంపు మూతకు గొళ్లెం పెట్టించారా?

అపార్టుమెంటులో ఉండేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: కుక్కలు వద్దని, లిఫ్టు ఎక్కనివ్వమని సంఘం తీర్మానం చేస్తే భయపడకండి. అలాంటి నిషేధం చెల్లదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. నేను ఆ కాగితం అచ్చు తీసి లిఫ్టు పక్కన అతికించాను. మూడో అంతస్తు ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడరు.

గుంటూరు సుధ | బుధవారం, రాత్రి 10:30

నేను పొరబడ్డాను. అత్తయ్యగారి దగ్గర కూర్చుని సూటిగా అడిగాను. ఆవిడ అన్న మాట: "నాకు కుక్కతో పేచీ లేదే, మీతోనే. మీ ఆయన చిన్నప్పుడు కుందేళ్లు కావాలన్నాడు, నేను ఊడ్చాను. చేపల తొట్టి కావాలన్నాడు, నేను కడిగాను. ఇప్పుడు కుక్క. ఉచ్చ ఎవరు తుడుస్తారు?"

మా ఆయన ఆ పూట ఫోను చూసుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయారు.

పుట్టింట్లో పొలం కాపలాకు కుక్కలుండేవట ఆవిడకు. సంపు మూత సంగతి మీ కంటే ముందు ఆవిడే చెప్పారు, మామిడి టెంకలు బకెట్‌లో వేయవద్దని కూడా. గన్నేరుకు వల కట్టించడానికి ఒప్పుకున్నారు. దేవుడి గదికీ వంటింటికీ మోకాలెత్తు చెక్క అడ్డం పెట్టాలన్నది ఒక షరతు. గోడకు పనుల పట్టిక అతికించాలన్నది రెండోది. అందులో తన పేరు ఉండకూడదన్నది మూడోది.

డాలస్ బామ్మ | గురువారం, ఉదయం 5:50

మీ అత్తగారు ఈ వేదికలో చేరతారేమో అడగమ్మా.

రెండు తోకల ఇల్లు | గురువారం, ఉదయం 9:10

పట్టికలో రాత్రి పని ఎవరిదో ముందు తేల్చండి. పిల్లకు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆపుకోగలదని మాకు చెప్పారు. రెండు నెలలంటే మూడు గంటలు. పగలు ఇంకా తక్కువ: నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే బయటికి ఎత్తుకెళ్లాలి. ప్రతిసారీ అదే చోటికి. పోసిన క్షణమే మెచ్చుకోవాలి, లోపలికొచ్చాక కాదు. ఇంట్లో పోసిందని ముక్కు అందులో రుద్దే పాత పద్ధతి వద్దు. మనుషుల కంటపడకుండా మంచం కింద పోయడం మాత్రమే నేర్చుకుంటుంది.

పల్లె డాక్టరు | గురువారం, ఉదయం 9:45

పిల్లలున్న ఇల్లు కాబట్టి ఇది కూడా. పాలపళ్లు సూదుల్లా ఉంటాయి, నాలుగైదు నెలలకు అవి ఊడి కొత్తవి వచ్చేదాకా అన్నీ కొరుకుతుంది. మామయ్యగారి చేతికర్ర రబ్బరు బొడిపె మీద దాని కన్ను పడుతుంది, చూసుకోండి. రేబిస్ టీకా ఇంకా పడని పిల్ల పన్ను గీరినా సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి మనుషుల డాక్టరుకు చూపించండి. ఇంటి పిల్లే కదా అని వదిలేయకండి.

గుంటూరు సుధ | ఇరవై నాలుగు రోజుల తర్వాత, తెల్లవారుజామున 3:20

వచ్చి మూడో రాత్రి. అందరూ అడుగుతారని రాస్తున్నాను. పేరు బూందీ. చీర చిట్కా పనిచేసింది, మొదటి రాత్రి గంటే ఏడ్చింది. ఇప్పుడు వాన పడుతోంది. మా ఆయన పెరట్లో గొడుగు పట్టుకుని నిలబడ్డారు. గొడుగు కుక్క మీద ఉంది, ఆయన తడుస్తున్నారు. అది పని మానేసి గొడుగు అంచు నుంచి కారే నీళ్లు చూస్తోంది. అత్తయ్యగారు కిటికీలోంచి "కప్పలున్నాయి, చూసుకో" అంటున్నారు.

డాక్టరుగారూ, ఒక సందేహం. సాయంత్రం పనుల పట్టిక కింది సగం తినేసింది. శని, ఆదివారాలు పోయాయి. ఏమైనా చేయాలా?

పల్లె డాక్టరు | తెల్లవారుజామున 4:05

కాగితం దానంతట అది వెళ్లిపోతుంది. అతికించిన టేపు మింగిందేమో చూడండి. వాంతి గానీ, తిండి మానడం గానీ ఉంటే పొద్దున్నే తీసుకెళ్లండి.

గుంటూరు సుధ | తెల్లవారుజామున 4:11

టేపు గోడకే ఉంది. వాంతి లేదు. ఇప్పుడు టేపు వైపే చూస్తోంది. పీకేస్తున్నాను.